గులాబీ చొక్కా ఎందుకు?

పోయిన నెల ఈ శీర్షికలో చలికాలపు పొడి చర్మం గురించి రాశాక ఫోన్లు బాగానే వచ్చాయి. అడిగినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తల్లులు, చర్మం సంగతి అయిపోయి "ఉంటానండీ" అన్న తరవాత కూడా ఫోను పెట్టెయ్యకుండా అసలు సంగతి బయటపెట్టారు. "మావాడు పొద్దున్నే కడుపులో నొప్పంటాడండీ. వాము నీళ్ళు పట్టించాను, పాలు మానిపించాను. ఏం చేసినా తగ్గటం లేదు. ఏదన్నా పరీక్ష చేయించమంటారా?"

ఇలా అడిగినవాళ్ళని నేను ముందు అడిగేది ఒకటే. శని ఆదివారాల్లో కూడా వస్తుందా? కాసేపు ఆలోచించి, "అవునండోయ్, రాదు" అంటారు చాలామంది.

వైద్యం సంగతి ముందు చెప్పేస్తాను. నొప్పి రాత్రిపూట నిద్రలోంచి లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, వాంతులో జ్వరమో ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా, నొప్పి బొడ్డు చుట్టూ కాక ఒక పక్కనే ఉన్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి. ఇవేవీ లేకుండా బడి ఉన్న రోజుల్లోనే వచ్చి, స్కూలు బస్సు వెళ్ళిపోయిన అరగంటకల్లా తగ్గిపోయే నొప్పి ఒకటుంది. అది దొంగ నొప్పని పిల్లల్ని కోప్పడకండి. నొప్పి నిజమే. భయానికి కడుపు తిప్పటం పెద్దవాళ్ళకీ ఉన్నదే. ఎంట్రెన్సు పరీక్ష రోజు పొద్దున మనలో ఎంతమందికి కాలేదు! అటువంటప్పుడు ఏం తిన్నాడో ఆరా తియ్యటం కన్నా, రిసెస్‌లో ఎవరితో ఆడుతున్నాడో కనుక్కోవటం మేలు.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొట్టారని చెప్పేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది చెప్పేది వేరు. ఆటలోకి రానివ్వరు. బెంచీ మీద జాగా ఉన్నా "ఇక్కడ మా ఫ్రెండు కూర్చుంటాడు" అంటారు. పేరు పిలిచేటప్పుడు ముద్ద ముద్దగా పలికి నవ్వుతారు. లంచ్ డబ్బా మూత తియ్యగానే ముక్కు మూసుకుంటారు. పెద్దవాళ్ళకి ఇవి చిన్న విషయాలు. ఎనిమిదేళ్ళ పిల్లకి రోజుకి మూడుసార్లు, ఏడాదికి దాదాపు 190 రోజులు జరిగితే చిన్న విషయం కాదు.

ఇంటికొచ్చి చెప్పుకుంటే మన ఇళ్ళల్లో దొరికే జవాబులు రెండు. "నువ్వు బాగా చదువు. మార్కులొస్తే వాళ్ళే నీ వెనకాల వస్తారు" అన్నది ఒకటి. "మనకెందుకులే, నీ పని నువ్వు చూసుకో" అన్నది రెండోది. వీటిని నేను తీసిపారెయ్యను. ఈ రెండు మాటలు పట్టుకునే మనలో చాలామందిమి ఇక్కడిదాకా వచ్చాం. కాకినాడలో ఎం.బి.బి.ఎస్. చదివి వచ్చి, ఈ దేశంలో మళ్ళీ మొదటి నించీ పరీక్షలు రాసిన రోజుల్లో నేను కూడా తల దించుకుని పుస్తకమే చూశాను. కాని ఆ సలహా పెద్దవాళ్ళు పరీక్ష గట్టెక్కటానికి పనికొచ్చినట్టు, ఆటస్థలంలో నిలబడ్డ పిల్లకి పనికిరాదు. అసలు ఆటస్థలంలో జరిగేదేమిటో చూసినవాళ్ళు ఏం చెప్పారో వినండి.

టొరంటోలో యార్క్ యూనివర్సిటీలో డెబ్రా పెప్లర్, కింగ్‌స్టన్‌లో క్వీన్స్ యూనివర్సిటీలో వెండీ క్రెయిగ్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు. పిల్లల్ని అడిగితే సగమే చెబుతారు, టీచర్లకి సగం కూడా కనిపించదు. అందుకని వీళ్ళు ఎలిమెంటరీ స్కూళ్ళలో దూరం నించి కెమెరా పెట్టి, పిల్లలకి చిన్న మైకులు తగిలించి, రిసెస్‌లో జరిగేది జరిగినట్టు రికార్డు చేశారు. ఆ రికార్డులు చూసి లిన్ హాకిన్స్ అనే ఆవిడతో కలిసి 2001లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో మూడు అంకెలు నాకు బాగా గుర్తుండిపోయాయి. ఏడిపించటం జరిగిన సందర్భాల్లో నూటికి 88 సార్లు పక్కన వేరే పిల్లలు ఉన్నారు. వాళ్ళు కలగజేసుకున్నది నూటికి 19 సార్లు మాత్రమే. కలగజేసుకున్నప్పుడు సగానికి పైగా, నూటికి 57 సార్లు, పది సెకన్ల లోపలే అది ఆగిపోయింది.

పది సెకన్లు! నేను రాసే ఏ మందూ అంత త్వరగా పని చెయ్యదు.

ఏడిపించే పిల్లవాడి గురించీ, ఏడ్చే పిల్లవాడి గురించీ మనం ఎంతైనా మాట్లాడుకుంటాం. పక్కన నిలబడి చూసే మూడో పిల్లవాడి ఊసెత్తం. లెక్క ప్రకారం చూస్తే మన పిల్లలు ఎక్కువ రోజులు ఉండేది ఆ మూడో చోటే. అక్కడ నిలబడ్డప్పుడు వాళ్ళ చెవిలో వినపడేది మనం నేర్పిన మాటే, "మనకెందుకులే" అని.

ఆ మూడో పిల్లవాడు వెళ్ళి కొట్లాడాలని నేననటం లేదు. చెయ్యి చేసుకుంటే గొడవ ముదురుతుంది. "రా, మా వైపు ఒకళ్ళు తక్కువయ్యారు" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోతే చాలు. అదీ చేతకాకపోతే టీచరుకి చెప్పాలి. ఇక్కడ మన ఇంటి భాషలో ఒక చిక్కుంది. చాడీలు చెప్పకూడదని చిన్నప్పటి నించీ నేర్పుతాం. మంచిదే. ఎవరో చూయింగ్ గమ్ నమిలారని చెబితే అది చాడీ. ఒక పిల్ల రోజూ బాత్రూంలో ఒంటరిగా కూర్చుని లంచ్ తింటోందని చెబితే అది చాడీ కాదు, సాయం పిలవటం. ఒకళ్ళని ఇరికించటానికి చెబుతున్నామా, ఒకళ్ళని గట్టెక్కించటానికి చెబుతున్నామా అన్నదే తేడా. ఆరేళ్ళ పిల్లలకి కూడా ఇలా చెబితే తెలుస్తుంది. నేను చెప్పి చూశాను.

ఇక మన పిల్లనే ఏడిపిస్తున్నారనుకోండి. "టీచరుకి ఫిర్యాదు చేస్తే మన పిల్ల మీద కక్ష కడుతుందేమో" అని జంకేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఒంటారియోలో 2012లో వచ్చిన చట్టం ప్రకారం ఏడిపించటం అంటే ఏమిటో బడి చట్టంలోనే నిర్వచించారు. ఫిర్యాదు వస్తే ప్రిన్సిపాలు విచారించి తీరాలి, తల్లిదండ్రులకి తెలియజెయ్యాలి. అది వాళ్ళు మనకి చేసే ఉపకారం కాదు, వాళ్ళ ఉద్యోగధర్మం. తేదీ వేసి, జరిగింది నాలుగు ముక్కల్లో రాసి ఇవ్వండి. నోటిమాట కన్నా కాగితానికి విలువ ఎక్కువ, ఇది మనకి తెలియనిది కాదు.

సరే, గులాబీ చొక్కా. ఫిబ్రవరి ఆఖరి బుధవారం గులాబీ చొక్కా వేసి పంపమని స్కూలు నించి చీటీ వస్తుంది. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి చీటీ బయటపడటం, నాన్నగారు కారు తీసుకుని దుకాణానికి పరిగెత్తటం మన ఇళ్ళల్లో మామూలే. ఎందుకు వేసుకోవాలో మాత్రం అడిగేవాళ్ళు తక్కువ. కథ చిన్నదే. నోవా స్కోషియాలో కేంబ్రిడ్జి అనే ఊళ్ళో సెంట్రల్ కింగ్స్ రూరల్ హైస్కూలుంది. 2007లో బడి తెరిచిన రోజున తొమ్మిదో క్లాసులో చేరిన ఒక కుర్రాడు గులాబీ రంగు చొక్కా తొడుక్కుని వచ్చాడు. కొందరు చుట్టూ చేరి, మగతనం లేనివాడని ఎగతాళి చేసి, కొడతామని బెదిరించారు. పన్నెండో క్లాసు చదువుతున్న డేవిడ్ షెపర్డ్, ట్రావిస్ ప్రైస్ అనే ఇద్దరికి ఈ సంగతి తెలిసింది. అతను వాళ్ళకి చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. చవక దుకాణానికి పోయి 50 గులాబీ చొక్కాలు కొని, మీరూ ఈ రంగు వేసుకు రండని తోటివాళ్ళకి ఈమెయిళ్ళు పంపారు. బడికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి చొక్కాలు పంచారు. వాళ్ళవి కాక ఇళ్ళ దగ్గర నించే గులాబీ రంగు వేసుకుని వందలమంది వచ్చారు. ఏడిపించినవాళ్ళని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు. ఆ మూడో చోట నిలబడ్డ పిల్లలు చేసిన పని ఇది.

ఇది చెబితే ఒకాయన "మగపిల్లాడికి గులాబీ రంగేమిటండీ" అని నవ్వారు. కూచిపూడిలో సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే అని పొంగిపోయేది మనమే. మన సంఘంలో నాట్యం నేర్చుకునే ఇద్దరు మగపిల్లల్ని తక్కిన మగపిల్లలు ఏమంటున్నారో ఆయన ఒకసారి విని రావాలి.

ఇంకో చొక్కా కూడా ఉంది, నారింజ రంగుది. సెప్టెంబరు 30న వేసుకునేది. బ్రిటిష్ కొలంబియాలో ఆదిమజాతి పిల్ల ఫిల్లిస్ వెబ్‌స్టాడ్. 1973లో ఆరేళ్ళప్పుడు ఆమెని రెసిడెన్షియల్ స్కూలుకి పంపారు. వాళ్ళ అమ్మమ్మ కొనిపెట్టిన కొత్త నారింజ చొక్కాని మొదటి రోజే ఒలిచి తీసుకున్నారు, మళ్ళీ ఇవ్వలేదు. నూరేళ్ళకి పైగా నడిచిన ఆ బడుల్లో దాదాపు 1,50,000 మంది పిల్లలు ఉన్నారు. జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. 2013లో ఆవిడ కథతో నారింజ చొక్కా రోజు మొదలైంది. 2021 నించి ప్రభుత్వమే ఆ రోజుని జాతీయ దినంగా పాటిస్తోంది. "అది తెల్లవాళ్ళకీ వాళ్ళకీ ఉన్న పాత గొడవ, మనకెందుకు" అనే మాట నేను విందు భోజనాల దగ్గర విన్నాను. 2021 జూన్ తరవాత పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఆదిమజాతుల హక్కుల్ని గుర్తిస్తామని చెయ్యెత్తి ప్రమాణం చేసినవాళ్ళే. ఆ సంగతి పక్కన పెట్టినా, ఆదివారం ఆదివారం పిల్లల్ని పోగేసి అ ఆలు దిద్దించే మనకి, భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న పిల్లల కథ అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

చొక్కా వేసుకోవటం తేలిక. మనకి కాస్త నష్టం కలిగేచోట ఏం చేస్తామన్నది చూసుకోవాలి. వేరుశెనగ సంగతే తీసుకోండి. స్కూలుకి పల్లీలు తేవద్దంటే మన ఇళ్ళల్లో సణుగుడు ఇంతా అంతా కాదు. "పల్లీలు లేని పులిహోర ఏమిటండీ? పల్లీ చట్నీ లేకుండా ఇడ్లీ ఎలా పెట్టను? ఎవరో ఒక్క పిల్లకి పడదని క్లాసంతా మానెయ్యాలా?"

మానెయ్యాలి. 2003లో ఒంటారియోలో పెంబ్రోక్ దగ్గర సబ్రినా షానన్ అనే 13 ఏళ్ళ అమ్మాయి స్కూలు క్యాంటీన్లో బంగాళాదుంప వేపుడు తిన్నది. ఆ పిల్లకి పాలు పడవు. వేపుడికి ఎక్కడో పాలపదార్థం తగిలింది. ఆ పిల్ల బతకలేదు. 2005లో ఒంటారియో శాసనసభ ఆమె పేరుతోనే చట్టం చేసింది. ఇటువంటి ఎలర్జీ ఉన్న ప్రతి పిల్లకీ బడిలో విడిగా ఒక ప్రణాళిక ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. ఒంట్లో ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో చెబుతాను. దద్దుర్లు, పెదవులూ గొంతూ వాపు, ఊపిరాడకపోవటం, రక్తపోటు పడిపోవటం, ఇవన్నీ కొన్ని నిమిషాల్లో జరిగిపోవచ్చు. అప్పుడు తొడకి ఎపిపెన్ వేసి 911కి ఫోను చెయ్యాలి. వేశాక నెమ్మదించినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

నేను అసలు చెప్పదలుచుకున్నది ఇంకొకటుంది. ఇలాంటి పిల్లల్ని కొన్నిచోట్ల భోజనాల దగ్గర విడిగా కూర్చోబెడతారు, జాగ్రత్త కోసమే. ప్రాణం నిలుస్తుంది గాని పక్కన ఎవరూ ఉండరు. మీ అమ్మాయి పల్లీ పొడి లేని డబ్బా తీసుకెళితే ఆ పిల్ల పక్కన కూర్చోవచ్చు. పులిహోరలో ఆ నాలుగు రోజులూ శెనగపప్పు, మినప్పప్పులతో సరిపెట్టండి. వంకాయ కూరలో పల్లీల పొడి, ఉండలు, అన్నీ రాత్రి భోజనానికి ఉంచుకోండి. నువ్వులు కూడా పడని పిల్లలుంటారు, కనుక్కోండి. ఎందుకు మానేశామో పిల్లకి చెప్పి మానెయ్యండి. నోట్లో ఇంజక్షను మందు పట్టుకున్న నర్సులా మొహం పెట్టి "స్కూలు వాళ్ళ గోల" అంటూ మానేస్తే పిల్లకి అబ్బేది సణుగుడే.

ఇక మన సంగతి కూడా చూసుకోవాలి. ఆటలోకి రానివ్వటం లేదని ఏడ్చే మన పిల్లలే, వేరేచోట ఇంకొకళ్ళని రానివ్వని పిల్లలు. "ఆ అబ్బాయికి లెక్కల్లో ఎంతొచ్చింది?" అని అడిగి స్నేహాలు తూచేది మనమే. "అమ్మాయి కళగానే ఉంది గాని కాస్త రంగు తక్కువ" అని పిల్లల ముందు అనేదీ మనమే. ఇంటిపేరేమిటి, ఏ ఊరు, అక్కడ ఎవరి తాలూకు అంటూ నాలుగు ప్రశ్నల్లో కులం తేల్చుకుని "ఓహో, అయితే మనవాళ్ళే" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకోవటం కారు వెనకసీట్లో పిల్లలు వింటూనే ఉంటారు. తెలుగు తరగతిలో ఒక పదేళ్ళ పిల్ల ఇంకో పిల్లని "మీరు ఏమిట్లు?" అని అడిగిందని టీచరమ్మ చెబితే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఊళ్ళో బడిలో మధ్యాహ్న భోజనం పెట్టటం మొదలైన కొత్తలో, వంట చేసే ఆవిడ ఎవరో కనుక్కుని పిల్లల చేత తినిపించని ఇళ్ళుండేవి. ఆ పిల్లలు అరుగు మీద కూర్చుని ఇంటి నించి వచ్చిన క్యారేజీ తినేవాళ్ళు. తక్కినవాళ్ళు చూస్తూ ఉండేవాళ్ళు. ఎవరు ఎవర్ని వెలివేశారో తెలియని వయసు అందరిదీ. తరవాత తెలిసింది.

ఇది ఆ ఊరితోనే పోయిందనుకుంటే పొరపాటు. 2023 మార్చిలో టొరంటో డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు కులవివక్ష గురించి తీర్మానం చేసి, బడుల్లో దీన్ని ఎలా ఎదుర్కోవాలో చెప్పమని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ సాయం కోరింది. ఆ అక్టోబరులో కమిషన్, కులం పేరుతో జరిగే వివక్ష ఒంటారియో చట్టం కిందికి వస్తుందని ప్రకటించింది. మనలో కొందరికి కోపం వచ్చింది, మన పరువు తీశారని. నాకు అలా అనిపించలేదు. రంగు చూసి మన పిల్లని దూరం పెడితే ఏ కాగితం పట్టుకుని వెళతామో, కులం చూసి దూరం పెట్టిన పిల్లకీ అదే కాగితం కావాలి కదా.

మన సభలకి రావటం మానేసిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మీకూ తెలుసు. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలున్నవాళ్ళు, ఆటిజం ఉన్న పిల్లలున్నవాళ్ళు. మొదటిసారి వచ్చినప్పుడు "ఎక్కడ చూపిస్తున్నారు? ఏదన్నా మొక్కుకున్నారా?" అని పదిమంది అడిగారు. రెండోసారి వచ్చినప్పుడు, "వాడి జోలికి వెళ్ళకు" అని ఒక తల్లి తన పిల్లకి చెప్పటం ఆ తల్లి చెవిన పడింది. మూడోసారి లేదు. ఇది అంటుకునే జబ్బు కాదని డాక్టరుగా చెబుతున్నాను. పిల్లల దగ్గర మామూలుగా "వాడికి చప్పుళ్ళు ఎక్కువైతే కష్టంగా ఉంటుంది, నెమ్మదిగా మాట్లాడు" అంటే చాలు, వాళ్ళు మనకన్నా బాగా సర్దుకుంటారు.

షికాగోలో వివియన్ పేలీ అనే కిండర్‌గార్టెన్ టీచరు తన క్లాసులో ఒకే ఒక నియమం పెట్టింది. "నువ్వు ఆడకూడదు" అని ఎవరూ ఎవరితోనూ అనకూడదు. 1992లో దాని మీద పుస్తకం రాసింది. ఆ నియమం గురించి పెద్ద తరగతుల పిల్లల్ని అడిగితే, న్యాయమే గాని మా వల్ల కాదు, చిన్నవాళ్ళతో మొదలుపెట్టండి అన్నారట. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలన్నదే షికాగో పిల్లలూ అన్నారు. చిన్నవాళ్ళు మాత్రం పెద్దగా పేచీ పెట్టకుండానే అలవాటు పడ్డారు.

అంచేత నా సలహా చిన్నదే. పుట్టినరోజుకి పిలిస్తే క్లాసంతటినీ పిలవండి, లేదా నలుగురైదుగుర్నే పిలవండి. ఇరవైమందిలో ముగ్గుర్ని వదిలేసే పిలుపు వద్దు. ఆ ముగ్గురూ ఎవరో క్లాసులో అందరికీ తెలుస్తుంది. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే మార్కులడగండి, తప్పులేదు. దాంతోపాటు "ఇవాళ రిసెస్‌లో ఒంటరిగా ఉన్నది ఎవరు?" అని కూడా అడగండి. మొదటి వారం "తెలీదు" అంటారు. రెండో వారానికి చూడటం మొదలుపెడతారు.

ఉగాది కార్యవర్గానికి ఒక మనవి. హాలు పక్కన ఉన్న చిన్న గది ఈసారి కుర్చీలు పడెయ్యటానికి వాడకుండా ఖాళీగా, దీపాలు తగ్గించి ఉంచండి. మైకు చప్పుడు భరించలేని పిల్లలు కాసేపు అక్కడ కూర్చుంటారు. వంటల బల్ల మీద పల్లీలు, జీడిపప్పు, నువ్వులు వేసినవి ఏవో చీటీలు రాసి పెట్టండి. రావటం మానేసిన ఇళ్ళకి ఫోన్లు చెయ్యటానికి నేను సిద్ధం. ఇంకొక ఇద్దరు తోడొస్తే ఒక ఆదివారంతో పని అయిపోతుంది.

వచ్చే నెల విటమిన్ డి గురించి.